దుప్పటికో మాట

ద్వీపం నుంచి తిరిగొచ్చిన కౌంటరమ్మాయి ముక్కు ఎండకి కందిపోయింది గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది. లాండ్రీ ముందు గదిలో తన కుర్చీలో కూర్చోకముందే వెనక హాల్లోకి వచ్చి, గుప్పెడు గవ్వలు మరకల తొట్టి గట్టు మీద పోసింది.

"నీకోసమే ఏరుకొచ్చా పిన్నీ. అయినా నువ్వెందుకు రాలేదు మాతో?"

ఆ పిల్ల అమాయకంగానే అడిగింది. కొత్తగా చేరింది, దానికేం తెలుసు. సముద్రంలో కనుచూపు మేరకి కాస్త అవతల ఉన్న ఆ ద్వీపంలో ఎన్ని లాడ్జీలున్నాయో అన్నిటి దుప్పట్లూ మూటలు మూటలుగా ఫెర్రీ ఎక్కి ఈ లాండ్రీకే వస్తాయి. అందుకు మర్యాదగా అక్కడి పెద్ద హోటలు వాళ్ళు ఏటా ఒకసారి లాండ్రీ వాళ్ళని పిలిచి, తిండి పెట్టి, రెండ్రోజులు ఉంచుకుని పంపుతారు. లాండ్రీ వాళ్ళంటే ఓనరు, కౌంటరులో ఉన్న మనిషి, వ్యాను డ్రైవరు. వెనక హాల్లో ఆవిరిలో ఉడికే ముగ్గురు ఆడవాళ్ళు లాండ్రీ వాళ్ళ కిందికి వస్తారా రారా అన్నది ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. తేల్చమని అడిగిన వాళ్ళూ లేరు.

"నేను కూడా వస్తే ఈ దుప్పట్లు ఎవరుతుకుతారే, మీ అమ్మా?" అని నవ్వింది పిన్ని. ఒక గవ్వని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, ఎంతోకాలంగా మనసులో పెట్టుకున్నట్టు, గొంతు తగ్గించి అడిగింది. "అవునుగానీ, అక్కడ ఎర్రగా ఏముంటుందే?"

"ఎర్రగానా? ఏమో పిన్నీ. ఎండ మండిపోతుంటే మేం ఏసీ గదిలోంచి బయటికే రాలేదు. గవ్వలు కూడా మెట్ల దగ్గర అమ్ముతుంటే కొన్నా" అనేసింది పిల్ల. ఏరుకొచ్చానన్న సంగతి అప్పుడే మర్చిపోయింది.

ఇంకా తిరగడం మొదలెట్టని ఇస్త్రీ రోలరు దగ్గర నిలబడి ఇదంతా విన్న చిన్నక్కకి ఒళ్ళు మండింది.

చిన్నక్క అంటే లాండ్రీలో దుప్పట్లు మడిచే మనిషి. ఆమె ఎవరికి చిన్నక్కో ఎవరికీ తెలియదు. చేరినప్పుడు ఎవరో అలా పిలిచారు, తనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తున్నారు. పిన్ని సంగతీ అంతే. ఉదయమంతా పిన్నికి మరకల తొట్టి పని. మూట విప్పగానే మరక ఉన్న దుప్పట్లన్నీ ఆవిడ ముందుకి వస్తాయి. టీ మరకా, నూనె మరకా, పెదాల రంగా, పళ్ళరసమా, ఆవిడ వేలితో ఒకసారి రాసి చూస్తే చాలు. ఒక్క మరక మాత్రం ఆవిడకి కొరుకుడు పడలేదు. దుప్పటి కొసన గుర్తుకి పచ్చదారం కుట్టే లాడ్జీ ఒకటుంది. దాని దుప్పట్ల మీద, ఎప్పుడూ సరిగ్గా నడుము ఆనే చోట, అడుగు వెడల్పున ఎర్రటి పట్టీ. చన్నీళ్ళలో నానేసి, నిమ్మకాయా ఉప్పూ రుద్ది, ఎండలో పడేస్తేగానీ వదలదు. మట్టే అని తెలుసు. నడుముకే ఎందుకంటుతుంది, కాళ్ళకి ఎందుకంటదు? తాగి దొర్లుతారని రేడియో సిద్ధాంతం. సిగ్గులేని జనం అని పిన్ని తీర్పు. తిట్టుకుంటూనే రుద్దుతుంది, రుద్దుతూనే ఆలోచిస్తుంది.

రేడియో అంటే మూడో ఆవిడ. తడి దుప్పట్లని రోలరులోకి పెట్టే మనిషి. ఆవిడ నోరు మూతపడదని ఆ పేరే చెబుతుంది.

ఈ నెలాఖరుకి పిన్ని పని మానేస్తోంది. సోడా నీళ్ళకి వేళ్ళ చివర్లు పగిలి మానడం లేదు. ఇంక నీళ్ళలో చెయ్యి పెట్టావంటే నా దగ్గరికి రాకు అని డాక్టరు కేకలేశాడు. కూతురు వచ్చి తన దగ్గరికి తీసుకెళ్తానంది. కూతురుండేది సముద్రానికి బాగా దూరం, అక్కడ అన్నీ రాళ్ళగుట్టలే. అంటే జీవితమంతా ఆ ద్వీపం మురికి ఉతికిన మనిషి, ఆ ఎర్రమరక ఏమిటో తెలియకుండానే వెళ్ళిపోతుంది. చిన్నక్కకి అదే మింగుడు పడలేదు.

మధ్యాహ్నం పిన్ని కూడా మడతల దగ్గరికి వస్తుంది. రోలరు కింద నుంచి వేడివేడిగా బయటికొచ్చే దుప్పటిని ఇద్దరూ చెరో చివరా అందుకోవాలి. రెండు విదిలింపులు విదిలించి, నిలువునా ఒక మడత, దాని మీద ఇంకో మడత వేసి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. ఆ రోలరు చేసే రొదకి హాల్లో అరిచినా వినపడదు. మొహాలు దగ్గరికి వచ్చేది కొసలు కలిసే ఆ ఒక్క క్షణమే. అందుకని అక్కడ మాటలన్నీ దుప్పటికి ఒకటి చొప్పున నడుస్తాయి. ఒకరు ఒక మాట అంటారు, వెనక్కి నడుస్తారు, కొత్త దుప్పటి వస్తుంది, రెండోవాళ్ళు దగ్గరికొచ్చి జవాబు చెబుతారు. కోపంలో అన్న మాటకి కూడా జవాబొచ్చేలోపు చల్లారే వ్యవధి దొరుకుతుంది. ఇళ్ళల్లో కూడా ఈ ఏర్పాటు ఉంటే ఎంత బాగుండునో అని చిన్నక్క చాలాసార్లు అనుకుంది.

ఆ మధ్యాహ్నం కొసలు కలిసినప్పుడు చిన్నక్క అంది, "మనమే వెళ్దాం పిన్నీ."

వెనక్కి నడిచారు. విదిలించారు. కలిశారు.

"ఎక్కడికే?"

మరో దుప్పటి.

"ద్వీపానికి."

పిన్ని చేతిలో దుప్పటి కొస జారిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ కొస జారవిడవడం చిన్నక్క చూడలేదు. ఇద్దరూ వంగి మళ్ళీ సర్దుకునేసరికి రోలరు దగ్గర ఇంకో రెండు పోగుపడ్డాయి.

"పిచ్చి పట్టిందా? మనమెవరం, ద్వీపమేమిటి?" అంది పిన్ని తర్వాతి దుప్పటికి. కానీ ఆ తర్వాతి దుప్పటికి, చిన్నక్క ఏమీ అనకుండానే, తనే దగ్గరికొచ్చి అడిగింది. "ఒక్క రాత్రేనా, రెండా?"

అలా మొదలైంది ప్రయాణం. దానికి కాగితం లేదు, కలం లేదు. మూడు రోజుల పాటు దుప్పటి దుప్పటికీ ఒక్కో ముక్క చేరుతూ పోయింది. ముగ్గురికీ కలిపి ఒకటే గది. ఒకటే మంచం చాలు, అడ్డంగా పడుకుంటే కాళ్ళే కదా బయటికి వచ్చేది. కొనుక్కు తినడం వద్దు, రొట్టెలూ ఉడకబెట్టిన గుడ్లూ అరటిపళ్ళూ ఇక్కణ్ణించే పట్టుకెళ్దాం. ఫెర్రీలో పైన కుర్చీలొద్దు, కింద చెక్కబల్లల మీద కూర్చుంటే సగానికి సగం కలిసొస్తుంది. గాలి కిందా అదే, పైనా అదే. దిగాక నడకే. అంత చిన్న ద్వీపంలో ఆటో ఎక్కితే సర్దుకుని కూర్చునేలోపు అవతలి సముద్రంలో పడతాం అని రేడియో రోలరు అవతలి నుంచి సైగలతోనే వివరించింది.

ఇంట్లో చిన్నక్క భర్త, గోడలకి రంగులేసే మనిషి, విని ముక్కున వేలేసుకున్నాడు. "మరి నన్ను పిలవవా?"

"మీరొస్తే అది ప్రయాణం ఎలా అవుతుంది? ఇక్కడి సంసారమే పడవెక్కుతుంది" అంది చిన్నక్క. ఆయన నవ్వి, తన పెద్ద సంచీ దులిపి ఇచ్చాడు. రంగు వాసన వదల్లేదు గానీ సంచీ గట్టిది.

అసలు చిక్కు సెలవు. వెనక హాల్లో ముగ్గురూ ఒకేసారి సెలవడగడం లాండ్రీ పుట్టాక జరగలేదు. ఓనరు గదిలోకి చిన్నక్కే వెళ్ళింది. ఎదురుగా గోడ మీద నిరుడు ద్వీపంలో తీసిన ఫోటో ఉంది. ఓనరు చేతిలో కొబ్బరిబోండం, వెనక నీలంగా సముద్రం. దాన్ని చూడగానే ఆమెకి 'ద్వీపం' అన్న మాట గొంతులోనే ఆగిపోయింది. ఆయన నవ్వుతాడేమో. నవ్వకపోతే అది ఇంకా ఘోరం, జాలిపడి తన ఖర్చుతో పంపిస్తానంటాడేమో. పిలవాల్సినప్పుడు పిలవని మనిషి దయ ఇప్పుడు ఆమెకి అక్కర్లేదు.

"ఊరెళ్ళాలి సార్. ముగ్గురం" అని నీళ్ళు నమిలింది.

"ముగ్గురూ ఒకేసారా? దుప్పట్లు వచ్చే రోజుల్లో ఎలా కుదురుతుందమ్మా?" ఓనరు చెడ్డవాడేం కాదు. గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూశాడు. "వచ్చే వారం మొదటి రెండ్రోజులూ ద్వీపం నుంచి మూటలు రావట. ఖాళీయే కదా. అప్పుడు వెళ్ళి రండి."

చిన్నక్క కాళ్ళు నేల మీద ఆనలేదు. హాల్లోకి పరుగున వచ్చి రెండు వేళ్ళు చూపించింది. రేడియో తడి దుప్పటిని గాల్లోకి ఎగరేసి పట్టుకుంది. పిన్ని తొట్టి గట్టు మీది గవ్వని తీసి జేబులో వేసుకుంది.

ఆ సాయంత్రమే రేడియో పచ్చదారపు లాడ్జీకి ఫోన్ చేసింది. ఆ లాడ్జీయే కావాలని పిన్ని పట్టు. "రెండు రోజులూ గదులన్నీ ఖాళీయేనండీ" అంది అవతలి గొంతు, కాస్త ఆశ్చర్యంగా. "మీరు నిజంగా వస్తారా? వస్తే సముద్రం వైపు గదే ఇస్తాం. సగానికే తీసుకోండి."

"చూశారా అదృష్టం! గదులు ఖాళీ, సెలవు ఖాయం, పైగా సగం ధర! మనకోసమే అన్నీ కలిసొస్తున్నాయి" అని రేడియో వీధి వీధంతా వినబడేలా చెప్పింది.

ఎందుకు కలిసొస్తున్నాయో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ప్రయాణం రోజు ఉదయం ఎండ ఇంకా ముదరకముందే ముగ్గురూ రేవుకి చేరారు. రేడియో పెట్టుకున్న కళ్ళద్దాలు మొహం కంటే పెద్దవి. పిన్ని ఉన్నవాటిలో తెల్లటి బట్టలు వేసుకొచ్చింది, గంజిపెట్టి ఇస్త్రీ చేసి. చిన్నక్క భుజాన రంగు వాసన కొట్టే సంచీ, దాంట్లో గుడ్లు.

రేవులో మనుషుల్లేరు. టిక్కెట్ల కిటికీకి గొలుసు వేసి ఉంది. ఫెర్రీ మాత్రం ఉంది. నీళ్ళలో కాదు, గట్టు మీద. పట్టాల మీదుగా పైకి లాగి, దుంగలు ఆనించి నిలబెట్టారు. పొట్ట కింద నలుగురు మనుషులు కూర్చుని అడుగుకి పట్టిన నాచునీ గుల్లలనీ గీకుతున్నారు. సగం దాకా కొత్త రంగు పడింది.

"ఇదేంటి, ఇది ఇక్కడుందేంటి?" అంది రేడియో. ఆ తర్వాత, ఆమె జన్మలో మొదటిసారి, ఏమీ అనలేదు.

ఏటా రెండ్రోజులు ఫెర్రీని గట్టెక్కించి అడుగు బాగు చేస్తారు. ఫెర్రీ నడవదు కాబట్టి ద్వీపానికి జనం వెళ్ళరు. జనం వెళ్ళరు కాబట్టి గదులు ఖాళీ, ధర సగం. ఫెర్రీ నడవదు కాబట్టే లాండ్రీకి మూటలు రావు. మూటలు రావు కాబట్టే వీళ్ళకి సెలవు. చిన్నక్క రేవు గట్టు మీద నిలబడి, కొసకి కొస కలుపుకుంటూ వెళ్ళి, చివరికి అంతా ఒకటే దుప్పటి అని తెలుసుకుంది. లాండ్రీకి మూటలు రాని రోజున తప్ప వీళ్ళకి తీరిక లేదు. వీళ్ళకి తీరికున్న రోజున ద్వీపానికి దారి లేదు. ఏళ్ళ తరబడి ప్రతి ఏడూ ఇంతే అయి ఉంటుంది, వెళ్ళాలని ఎన్నడూ అనుకోలేదు కాబట్టి తెలియలేదు.

"నాదే తప్పు" అంది చిన్నక్క. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎక్కడికో నోరు తెరిచి చెప్పినా, ఫెర్రీ లేదని ఓనరే చెప్పి ఉండేవాడు. వచ్చే వారానికి నువ్వుండవు పిన్నీ."

పిన్ని సంచీ కింద పెట్టి దాని మీద కూర్చుంది. ఫెర్రీని కింద నుంచి పై దాకా చూసింది. భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందనుకుని చిన్నక్క గబగబా దగ్గరికెళ్ళింది. పిన్ని నవ్వుతోంది. పొట్ట పట్టుకుని, ఊపిరాడనంత నవ్వు.

"మూటలు ఎందుకు రావో... ముగ్గురం ఉన్నాం... ఒక్కర్తెకైనా..." అంటూ మాట పూర్తి చేయలేకపోయింది. రేడియోకి కూడా నవ్వు అంటుకుంది. కళ్ళు తుడుచుకుంటూనే చిన్నక్క కూడా నవ్వేసింది.

ఆ నవ్వులకి ఫెర్రీ పొట్ట కింద నుంచి ఒక పెద్దాయన రంగు బ్రష్షుతో సహా బయటికొచ్చాడు. ఫెర్రీ నడిపే సరంగు ఆయనే. గట్టు మీద ఉన్నన్నాళ్ళు ఆయనే రంగులు వేస్తాడు. సంగతంతా విన్నాడు. జాలి పడతాడనుకుంటే, కనుబొమలు ముడేసి అడిగాడు.

"లాండ్రీ వాళ్ళా? మూటలకి ఆ ముడి వేసేది ఎవరు?"

చిన్నక్క బెదురుతూ చెయ్యెత్తింది.

"మీరేనా తల్లీ! ఆ ముడి విప్పలేక అవతలి రేవులో మా కుర్రాళ్ళ గోళ్ళు ఊడొస్తున్నాయి. కానీ ఒక మాట చెప్పాలి. ఎంత తుఫానులోనైనా మీ మూట ఒక్కటీ ఊడలేదు, ఒక్క దుప్పటీ తడవలేదు." ఆయన బ్రష్షుతో రేవు చివరికి చూపించాడు. అక్కడ ఒక చిన్న ఇంజను పడవలోకి కూరగాయల గంపలు ఎక్కిస్తున్నారు. "ఫెర్రీ లేదని ద్వీపంలో వాళ్ళు తినడం మానేస్తారా? ఆ పడవ ఇప్పుడెళ్ళి రేపు సాయంత్రం వస్తుంది. అది మా తమ్ముడిది. మనుషుల్ని ఎక్కించుకోడు..." అని ఒక్క క్షణం ఆగి, "ఇన్నేళ్ళు మీ మూటలు మోశాను. మిమ్మల్ని కూడా మూటల కింద లెక్క వేయమని చెబుతా. కదలకుండా కూర్చోండి" అన్నాడు.

అలా ముగ్గురూ ఉల్లిపాయల బస్తాల మధ్య, గుమ్మడికాయల పక్కన ద్వీపానికి బయల్దేరారు. కెరటం ఎత్తినప్పుడల్లా రేడియో కేక పెట్టి గుమ్మడికాయని కౌగలించుకుంది. పిన్ని కదలకుండా కూర్చుంది, మూట లాగే. మొహం మాత్రం ముందుకి సాచి ఉంచింది. నీళ్ళ తుంపర మీద పడుతుంటే తుడుచుకోలేదు.

లాడ్జీలో గదులు చూసే ఆవిడ రేవు దాకా వచ్చి నిలబడింది. వీళ్ళు బస్తాల మీద నుంచి దిగడం చూసి నోరెళ్ళబెట్టింది.

"ఫెర్రీ లేని రోజు గది కావాలంటే, సొంత పడవున్న గొప్పవాళ్ళేమో అనుకున్నానండీ!"

"ఉంది కదా, ఉల్లిపాయలతో సహా" అంది రేడియో, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

గది తలుపు తియ్యగానే మంచం మీద తెల్లటి దుప్పటి, కొసన పచ్చదారం. కిటికీ అవతల సముద్రం కూడా ఉంది గానీ ముగ్గురూ ముందు దుప్పటి దగ్గరికే వెళ్ళారు. పిన్ని వంగి నడుము ఆనే చోట వేలితో రాసి చూసింది. చిన్నక్క మడత గీతని గుర్తుపట్టింది. గదులు చూసే ఆవిడ విస్తుపోయి చూస్తుంటే రేడియో చెప్పింది. "ఇవి ఉతికేది మేమే. మరకలు తీసేది ఈవిడ."

"మనుషులా?" అంది గదులావిడ. "ఎర్రమట్టి అంత బాగా పోతోందంటే అక్కడేదో పెద్ద మిషను ఉందనుకున్నాం." ఆమె పిన్ని వేళ్ళు చూసింది. లోపలికెళ్ళి, మూడు బోండాలు కొట్టి తెచ్చింది. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి దాచుకుంది.

"ఎర్రమట్టి అన్నావు" అంది పిన్ని, బోండం పక్కన పెట్టి. "అది ఎక్కడుంది?"

లాడ్జీ వెనక తోటలోంచి కాస్త పైకెక్కితే అక్కడ ఒక చిన్న వాగు గుట్ట మీది నుంచి జారుతోంది. అది పారి పారి, అరిగి అరిగి, గుట్ట ఒక పక్కంతా నున్నటి ఎర్రమట్టి జారుడుబల్లలా అయిపోయింది. కింద నడుము లోతు నీళ్ళ మడుగు. గట్టున ఎండిన కొబ్బరిమట్టలు నాలుగు పడి ఉన్నాయి.

"ఇక్కడికొచ్చిన వాళ్ళంతా ఆ మట్ట మీద కూర్చుని జారతారండీ. చిన్నా పెద్దా లేదు. మట్ట సగంలోనే జారిపోతుంది, మనిషి నడుము మట్టిలో ఆనుకుని కిందికొచ్చేస్తాడు. రోజంతా జారీ జారీ, అలిసిపోయి, గదికొచ్చి అలాగే పడి నిద్రపోతారు. మార్చుకోండి బాబూ అంటే వినరు."

పిన్ని చాలాసేపు ఆ గుట్టని చూస్తూ నిలబడింది. పాపం, ఎన్నేళ్ళ తిట్లు! తాగి దొర్లారన్న ప్రతి మనిషీ, సిగ్గులేదన్న ప్రతి మనిషీ ఇక్కడ చిన్నపిల్లాడై జారినవాడే. ఆవిడ పెదాలు ఏదో గొణిగాయి. చెప్పులు విప్పింది. ఇస్త్రీ బట్టల అంచు పైకి దోపింది.

"పిన్నీ, తెల్లబట్టలు!" అంది చిన్నక్క.

"తెల్లబట్టల సంగతి నాకు చెబుతావా?" అంది పిన్ని. గట్టు పట్టుకుని మెల్లగా పైకెక్కింది. గదులావిడ మట్ట అందించింది. ఫెర్రీ లేని ద్వీపం కదా, చూడటానికి చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. ఒక్క క్షణం పైన అలా కూర్చుని, నీళ్ళ వైపు చూసి, చెయ్యి వదిలేసింది.

సగంలో మట్ట ఎటో పోయింది. మిగతా సగం పిన్ని ఒంటరిగా, రెండు చేతులూ గాల్లోకెత్తి, గుట్ట గుట్టంతా దద్దరిల్లేలా కేక పెడుతూ వచ్చి మడుగులో పడింది. చిన్నక్క ప్రాణం పోయినంత పనై నీళ్ళలోకి పరిగెత్తింది. పిన్ని నీళ్ళలోంచి తలెత్తింది. జుట్టంతా మొహం మీద, నోట్లోంచి నీళ్ళు.

"మట్ట ఏదే? ఇంకోటి తేండి!" అంది.

ఎండ వాలేదాకా జారారు. రేడియో కళ్ళద్దాలు మడుగులో ములిగి మళ్ళీ దొరకలేదు, ఆవిడకి ఆ ధ్యాసే లేదు. చిన్నక్క మొదటిసారి కళ్ళు మూసుకుని, రెండోసారి తెరిచి, ఆ తర్వాత లెక్క లేకుండా జారింది. మధ్యలో గట్టున కూర్చుని గుడ్లు తిన్నారు, మట్టి చేతులతోనే. పిన్ని పగిలిన వేళ్ళ నిండా ఎర్రమట్టి మెత్తగా ఆరిపోయి ఉంది. "చల్లగా ఉందే" అంది, వేళ్ళని చాచి చూసుకుంటూ.

గదికొచ్చాక చిన్నక్క పొడిబట్టలు తీసేలోపే పిన్ని వెళ్ళి మంచం మీద వెల్లకిలా పడిపోయింది, ఒళ్ళంతా తడితో, మట్టితో.

"పిన్నీ! దుప్పటి!"

"ఉండనీవే" అంది పిన్ని, కళ్ళు మూసుకునే. "ఎలాగూ నా దగ్గరికే వస్తుంది."

మర్నాడు సాయంత్రం ఖాళీ గంపల మధ్య కూర్చుని తిరిగొచ్చారు. రేవులో ఫెర్రీ కొత్త రంగుతో నీళ్ళలోకి దిగడానికి సిద్ధంగా ఉంది. చిన్నక్క సరంగుకి మాట ఇచ్చింది, ఇకమీదట ముడి కాస్త వదులుగా వేస్తానని. "వద్దు తల్లీ, అలాగే వెయ్యి, గోళ్ళదేముంది" అన్నాడాయన.

ఆ తర్వాతి రోజు లాండ్రీకి మూటలొచ్చాయి. పచ్చదారపు మూటలో ఉన్నది ఒక్కటే దుప్పటి. పిన్ని దాన్ని తొట్టి గట్టు మీద పరిచింది. నడుము దగ్గర అడుగు వెడల్పు పట్టీ, దాని పక్కన చేతి ముద్రలు రెండు. కౌంటరమ్మాయి ఏదో పని మీద వచ్చి చూసి, "ఛీ, ఎంత మురికి మనుషులో!" అంది. "నోర్ముయ్యవే" అంది పిన్ని ముద్దుగా. నిమ్మకాయ రుద్దింది గానీ, ఆ రుద్దడంలో పాత కసి లేదని దూరం నుంచే చిన్నక్క గమనించింది.

మధ్యాహ్నం ఆ దుప్పటి రోలరు కింద నుంచి వచ్చింది. ఇద్దరూ చెరో చివరా అందుకుని విదిలించారు. నడిమధ్యలో, వెలుతురుకి పెడితేగానీ కనబడనంత లేతగా, ఒక గులాబీ ఛాయ మిగిలిపోయింది. మరక మిగిలిన దుప్పటిని తొట్టికి తిప్పి పంపాలి. ఆ పని చిన్నక్కదే. ఎన్నో దుప్పట్లు ఆమె అలా పిన్నికే తిప్పి పంపింది, పిన్ని మారుమాట్లాడకుండా మళ్ళీ రుద్దింది. ఇప్పుడు పిన్ని అవతలి చివర నిలబడి, ఏమీ ఎరగనట్టు పైకప్పు వైపు చూస్తోంది.

చిన్నక్క ఆ ఛాయని లోపలికి వేసి మడిచింది. రెండో మడత దాని మీద వేసింది.

నెలాఖరు దగ్గరికొచ్చేసింది. పిన్నికి ఒక్కసారి ద్వీపం చూపించి సాగనంపాలనుకుంది చిన్నక్క. చూపించింది, ఆ తృప్తి చాలనుకుంది. అందుకే ఎదురెదురుగా నడిచి కొసలు కలిపినప్పుడు, పిన్ని మొహం దగ్గరికొచ్చి అన్న మాట ఆమె ఊహించలేదు.

"మళ్ళీ ఎప్పుడే?"

చిన్నక్క నోరు తెరిచింది. కానీ ఆ దుప్పటికి మాట అయిపోయింది. మడిచినదాన్ని మంచివాటి దొంతర మీద పెట్టి, నవ్వు ఆపుకుంటూ వెనక్కి నడిచి, రోలరు కింద నుంచి వస్తున్న తర్వాతి దుప్పటి కోసం రెండు చేతులూ చాచింది.